నూటికి ఇరవై అంటే, ఏ నూటికి?

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వైద్యంలో, పొలాల పురుగూ పుట్రా లోకంలో, అంతరిక్ష వాతావరణంలో ఈమధ్య వచ్చిన పరిశోధనల్ని ఒక్కచోటికి తెచ్చావు. ఎత్తుగడ బాగుంది, చదివించే గుణం ఉంది. అందుకే నాలుగు మంచిమాటలు చెప్పి ఊరుకోకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మూడు అంకెల దగ్గర ఆగిపోయాను. 20 శాతం, 76 శాతం, 7 శాతం. మూడూ అసలైన పరిశోధనల్లోవే, నువ్వు కల్పించినవి కావు. అయినా నీ వాక్యాల్లో మూడూ తప్పే చెబుతున్నాయి. శాతమంటే నూటికి ఇంత అని కదా. ఏ నూటికి అన్న ముక్క మూడుచోట్లా జారిపోయింది.

ముందు మందు సంగతి. "వారానికోసారి తీసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ గుండెపోటు ముప్పును 20 శాతం తగ్గిస్తుంది" అన్నావు. సెమాగ్లుటైడ్ అంటే షుగరుకూ, బరువు తగ్గడానికీ వాడే మందు. ఇది 2023లో వెలువడిన, సెలెక్ట్ అనే పేరున్న వైద్య ట్రయల్ ఫలితం. పాల్గొన్నది 17,604 మంది. అందరూ 45 ఏళ్లు, ఆపైబడినవాళ్లు. బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే సూచీ) 27గానీ అంతకు మించిగానీ ఉన్నవాళ్లు, అప్పటికే గుండె లేదా రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లు, షుగరు లేనివాళ్లు. సగంమందికి వారానికి 2.4 మిల్లీగ్రాముల మందు, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి సగటున 40 నెలలు గమనించారు. మందు తీసుకున్న 8,803 మందిలో 569 మందికి, ఉత్తుత్తిది తీసుకున్న 8,801 మందిలో 701 మందికి మూడింట్లో ఏదో ఒకటి జరిగింది: గుండె లేదా రక్తనాళాల జబ్బుతో మరణం, ప్రాణం దక్కిన గుండెపోటు, ప్రాణం దక్కిన పక్షవాతం. 8 శాతం ఉండాల్సింది 6.5 శాతానికి దిగింది.

ఇప్పుడు ఆ ఎనిమిదిని నూరుగా తీసుకుంటే తగ్గింది దాదాపు ఇరవై. మనుషుల్ని నూరుగా తీసుకుంటే తగ్గింది ఒకటిన్నర. రెండు లెక్కలూ సరైనవే. అయితే నీ పాఠకుడు ఏమనుకుంటాడు? వందమంది ఈ ఇంజెక్షన్ వేసుకుంటే ఇరవైమందికి గుండెపోటు తప్పుతుందనుకుంటాడు. తప్పు అతనిది కాదు, నూరు ఏదో మనం చెప్పలేదు.

ఇలాంటిచోట శాతాన్ని పక్కనపెట్టి మనుషుల్ని లెక్కపెట్టు: "ఇదివరకే గుండెజబ్బు, అధిక బరువు ఉన్నవారు వెయ్యిమందిని తీసుకుంటే, మూడేళ్ల పైచిలుకులో మందు లేనివారిలో 80 మందికి, మందు తీసుకున్నవారిలో 65 మందికి గుండెపోటో పక్షవాతమో గుండెజబ్బు మరణమో సంభవించింది." వాక్యం పొడుగైంది, పర్వాలేదు. ఈ రూపంలో పాఠకుడు తనకు తానే తూచుకోగలడు. ఇంకా కావాలంటే తేడాను తిరగేసి చెప్పు: నూటికి ఒకటిన్నర తగ్గిందంటే సుమారు 67 మందికి అంతకాలం మందు ఇస్తే ఒక్కరికి ప్రమాదం తప్పినట్టు.

అదే పేపర్లో నువ్వు వదిలేసినవి మరో నాలుగున్నాయి. ఇరవై అన్నది మధ్యస్థమైన అంచనా మాత్రమే, దాని అటూఇటూ హద్దులు 10 నుంచి 28. గుండె, రక్తనాళాల జబ్బుతో మరణాల్ని విడిగా తీస్తే 15 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ అక్కడ హద్దులు 29 శాతం తగ్గుదల నుంచి 1 శాతం పెరుగుదల దాకా ఉన్నాయి. కాబట్టి మరణాలు తగ్గాయని విడిగా చెప్పే హక్కు ఈ ట్రయల్ మనకు ఇవ్వదు. ఇక దుష్ఫలితాల వల్ల మందు మానేసినవాళ్లు మందు గుంపులో 16.6 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ గుంపులో 8.2. డబ్బు పెట్టింది మందు తయారీదారు నోవో నార్డిస్కే. ఆ మాట ఒక్క వాక్యంలో, కొరడా పట్టకుండా, చెప్పు.

రెండోది 76. "పురుగుమందుల వల్ల 27 ఏళ్లలో 76 శాతం కీటకాలు అంతరించాయి." ఈ ఒక్క వాక్యంలో నాలుగు తప్పులున్నాయి, నిదానంగా చూద్దాం. జర్మనీలో 63 రక్షిత ప్రకృతి స్థలాల్లో 1989 నుంచి 2016 దాకా గుడారంలాంటి వలలు కట్టి ఎగిరే కీటకాల్ని పట్టారు. వలపైన సీసాలో ఆల్కహాలు, అందులో పడ్డవాటిని వడగట్టి తూకం వేశారు. 2017లో ప్రచురించారు. తగ్గింది ఆ తూకం. కీటకాల సంఖ్య కాదు, జాతుల సంఖ్య కాదు. ఒక లావుపాటి పేడపురుగు బరువుకు చిన్న దోమలు ఎన్ని కావాలో ఊహించు, బరువుకూ సంఖ్యకూ ఎంత దూరమో తెలుస్తుంది. "అంతరించడం" అంటే ఒక జాతి భూమ్మీద లేకుండా పోవడం, ఆ అధ్యయనం దాన్ని కొలవనే లేదు. కొలిచింది ఎగిరేవాటినే, నేలలో ఉండేవాటిని కాదు. నాలుగోది, అన్నిటికన్నా పెద్దది: పురుగుమందుల్ని వాళ్లు కొలవలేదు. వాతావరణం, చుట్టుపక్కల భూమి వాడకం, మొక్కల తీరు చూశారు, అవి ఈ తగ్గుదలను వివరించలేకపోయాయి. చుట్టూ ఉన్నది చాలావరకు సాగుభూమి కాబట్టి ముమ్మర వ్యవసాయం కారణం కావచ్చని సూచించారు. సూచనను నువ్వు తీర్పుగా మార్చేశావు.

ఆ అధ్యయనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఒకే రకం వలతో, ఒకే పద్ధతిలో అన్నేళ్లు తూచడం అరుదు. దానికో బలహీనత కూడా ఉంది, చాలా స్థలాల్లో వల కట్టింది ఒకే ఏడాది. అంటే చాలావరకు ఒకే చోటిని ఏటేటా చూసి కాకుండా, వేర్వేరు ఏళ్లలో వేర్వేరు చోట్లను పోల్చి గీసిన గీత అది.

దానిపక్కన ఇంకొకటి పెడితే నీ పాఠకుడికి చిత్రం పూర్తవుతుంది. 2020లో 166 దీర్ఘకాల సర్వేలను, 1,676 స్థలాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. నేలమీద బతికే కీటకాలు దశాబ్దానికి దాదాపు 9 శాతం తగ్గుతున్నాయి, మంచినీటిలో బతికేవి దశాబ్దానికి దాదాపు 11 శాతం పెరుగుతున్నాయి. ఇక్కడో లెక్క జాగ్రత్త. తొమ్మిదిని మూడుతో గుణించి ముప్పై ఏళ్లకు 27 అనకు. రెండో దశాబ్దంలో పోయేది మిగిలినదానిలో తొమ్మిది. అసలు జవాబు నాలుగో వంతుకు కాస్త అటూఇటూగా వస్తుంది. ఆ సమాచారంలో ఎక్కువ భాగం ఐరోపా, ఉత్తర అమెరికాలదే, "ప్రపంచమంతటా" అని రాసేముందు అది గుర్తు తెచ్చుకో.

పొలాల పరిశోధనలో చోటు మారితే జవాబు మారుతుంది, ల్యాబులో అంతగా మారదు. 2017లో బ్రిటన్, జర్మనీ, హంగరీల్లో 33 చోట్ల ఒకే ప్రయోగం చేశారు: నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందు పూసిన విత్తనాలతో వేసిన ఆవజాతి నూనెగింజ పంట, దాని పక్కన తేనెటీగల పెట్టెలు. హంగరీలో ఆ రకానికే చెందిన క్లోథియానిడిన్ పూసినచోట తర్వాతి వసంతానికి తేనెపట్టుల్లో పనీగలు 24 శాతం తగ్గాయి. బ్రిటన్‌లోనూ చెరుపు కనిపించింది. జర్మనీలో చలికాలం గడిచాక హాని కనబడలేదు. అక్కడ తేనెటీగలకు చుట్టూ వేరే పూలు దండిగా ఉన్నాయి, రోగాలూ తక్కువ. "తేనెటీగలకు హాని" అని రాసినా, "హాని లేదు" అని రాసినా ఈ ఒక్క పేపర్నే సాక్ష్యంగా చూపించవచ్చు! నిజం రాయాలంటే మూడు దేశాల పేర్లూ రాయాల్సిందే. దీనికి డబ్బు ఇచ్చినవారిలో ఆ మందుల తయారీదారులున్నారు, హాని చూపిన ఫలితం కూడా అచ్చులోకి వచ్చింది. డబ్బు ఎవరిదో చూడటం ఎంత అవసరమో, అది చూసి తీర్పు చెప్పేయకపోవడం అంత అవసరం.

మూడోది 7. "ఏడాదిపాటు అంతరిక్షంలో ఉన్న స్కాట్ కెల్లీ డీఎన్ఏ 7 శాతం మారింది, కవల సోదరుడితో ఇప్పుడు పోలికే లేదు." ఈ తప్పు నువ్వొక్కడివే చేయలేదు, 2018 మార్చిలో పెద్ద పెద్ద పత్రికలు చేశాయి, నాసా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. మారింది డీఎన్ఏ కాదు. ఇంట్లో బల్బులన్నీ అవే; ఏది వెలుగుతోంది, ఎంత వెలుగుతోంది అన్నది మారింది. ఏ జన్యువు ఎంత పనిచేస్తోందన్న ఆ తీరులో వచ్చిన మార్పుల్లో 93 శాతం కిందికి వచ్చాక మామూలు స్థితికి చేరాయి, 7 శాతం ఆరు నెలల తర్వాత కూడా చేరలేదు. ఇక్కడ నూరు అంటే మారిన జన్యువుల తీరు.

ఈ తప్పు పట్టుకోవడానికి జీవశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. మనిషికీ చింపాంజీకీ డీఎన్ఏ అక్షరాల్లో తేడా ఒక శాతం పైచిలుకే. 7 శాతం మారినవాడు మనిషిగా దిగివస్తాడా? ప్రతి అంకెనూ నీకు ముందే తెలిసిన ఇంకో అంకె పక్కన నిలబెట్టి చూడు, అర నిమిషం పని. 2019లో పూర్తి పేపరు వచ్చాక కూడా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: పైకి వెళ్లింది ఒక్క మనిషి, 340 రోజులు. కింద పోలికకు ఒక్క మనిషి. "అంతరిక్షంలో మనుషులకు ఇలా అవుతుంది" అనడానికి అది చాలదు, "ఈయనకు ఇలా అయింది, ఇంకా ఎందరిలోనో చూడాలి" అనడానికి చాలు.

సూర్యుడి తుఫానుల భాగంలో అంకెలు సరే, రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేశావు. సౌర జ్వాల అంటే వెలుగు, ఎక్స్-కిరణాల మెరుపు. ఎనిమిది నిమిషాల పైన ఇరవై సెకన్లలో ఇక్కడికి చేరి, పగటివైపున రేడియోను దెబ్బకొడుతుంది. రెండోది సూర్యుడు విసిరే ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) మేఘం, అది పదార్థం. రావడానికి మహా వేగమైనదైతే పదిహేను గంటల పైన, మామూలుగా రెండు మూడు రోజులు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేది ఇదే. మేఘం వస్తోందని రెండ్రోజుల ముందు తెలిసినా దెబ్బ ఎంతో తెలియదు, ఎందుకంటే దానిలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉందో లేదో (అలా ఉంటేనే దెబ్బ గట్టిగా తగులుతుంది) ఎల్1 బిందువు దగ్గరున్న నౌకలు దాన్ని తాకినప్పుడే చెప్పగలవు. ఎల్1 ఉన్నది భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. అక్కడి నుంచి మనకు దొరికే వ్యవధి పావుగంట నుంచి గంట. "శాస్త్రవేత్తలు ముందే ఎందుకు చెప్పలేకపోయారు" అన్న నీ ప్రశ్నకు జవాబు ఇదే, నిర్లక్ష్యం కాదు.

తుఫాను దర్జాకూ దాని నష్టానికీ నేరుగా పొంతన ఉండదన్నదీ రాయి. జీ1 (చిన్నది) నుంచి జీ5 (అతి తీవ్రం) దాకా ఉండే కొలమానంలో 2022 ఫిబ్రవరిది చిన్నది. అయినా మూడో తేదీన ఎగిరిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల్లో దాదాపు 40 పోయాయి. కారణం వాటిని ముందుగా వదిలిన ఎత్తు, సుమారు 210 కిలోమీటర్లు. తుఫాను వేడికి పై వాతావరణం ఉబ్బి, ఆ ఎత్తులో గాలి రాపిడి అంతకుముందరి ప్రయోగాలతో పోలిస్తే 50 శాతం దాకా పెరిగింది. (చూశావా, ఇక్కడి నూరు అంతకుముందరి ప్రయోగాల రాపిడి.) 2024 మే 10న వచ్చింది జీ5, 2003 అక్టోబరు తర్వాత మొదటిసారి. అది అమెరికా మధ్య రాష్ట్రాల్లో విత్తే రోజుల్లో వచ్చి, జీపీఎస్‌తో సెంటీమీటర్ల కచ్చితత్వంతో నడిచే ట్రాక్టర్లను గాడి తప్పించింది. నీ మూడు రంగాల్ని కలిపే వంతెన కోసం వెతుక్కున్నావు కదా, ఇలాంటి చోట్ల సహజంగా దొరుకుతుంది.

ఇంకా మంచి వంతెన గబ్బిలాలది. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలని నా అభిప్రాయం. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదట గుర్తించిన తెల్లముక్కు జబ్బు ఒక చలి శిలీంధ్రం వల్ల వస్తుంది. శీతనిద్రలో ఉన్న గబ్బిలాల్ని పదేపదే లేపి, ఒంట్లో కొవ్వు అయిపోయేలా చేసి చంపుతుంది. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, జబ్బు తాకిన కౌంటీలనూ (అమెరికాలో మన జిల్లాల్లాంటివి) ఇంకా తాకనివాటినీ పోల్చింది. గబ్బిలాలు పంట పురుగుల్ని తింటాయి, అవి పోతే ఆ పని మందుతో చేయాలి. తాకినచోట రైతుల పురుగుమందు వాడకం సగటున 31 శాతం పెరిగింది. ప్రమాదాలు, హత్యలు మినహాయించి లెక్కిస్తే శిశు మరణాల రేటు దాదాపు 8 శాతం పెరిగింది.

దీన్ని "గబ్బిలాలు చనిపోతే పసిపిల్లలు చనిపోతారు" అని శీర్షిక పెట్టాలనిపిస్తుంది. పెట్టకు. గొలుసును ఒక్కో లంకెగా విప్పు, ఏ లంకె ఎంత గట్టిదో చెప్పు. శిలీంధ్రం గబ్బిలాల్ని చంపుతుంది: అందులో సందేహం లేదు. గబ్బిలాలు పోతే పురుగుమందు పెరిగింది: గట్టి ఆధారం, ఎందుకంటే శిలీంధ్రం ఏ ఏడాది ఏ కౌంటీకి చేరాలో రైతులు నిర్ణయించలేదు. చీటీలు తీసి గుంపులు చేసినట్టు ప్రకృతే విభజించింది. మందు పెరగడానికీ శిశు మరణాలకూ మధ్య లంకె: ఇది కౌంటీల లెక్క, ఒక్కో బిడ్డను పరీక్షించినది కాదు. ఈ మూడో లంకెకు నీ క్రియాపదం మెత్తబడాలి. మళ్లీ, 8 శాతం అంటే నూరుమంది శిశువుల్లో ఎనిమిదిమంది కాదు, ఉన్న మరణాల రేటు మీద ఎనిమిది. ఈ ఒక్క వివరణ లేకపోతే ఒక తల్లి ఆ వాక్యం చదివి రాత్రంతా నిద్రపోదు.

క్రియాపదం అన్నాను కనుక భాష గురించి కొంచెం. "నిరూపించారు" అన్న మాట గణితానికి వదిలెయ్. ప్రయోగంలో "తేలింది", పరిశీలనలో "కనిపించింది", రచయితల ఊహ అయితే "అనుమానిస్తున్నారు". తెలుగులో మనకో వరం ఉంది, క్రియ చివర "ట". తగ్గిందట, పెరిగిందట అనగానే మాట ఇంకొకరిదని తెలిసిపోతుంది. కానీ వ్యాసమంతా "ట"లతో నింపితే పుకారులా వినిపిస్తుంది, ఎవరన్నారో చెప్పి మామూలు క్రియ వాడటమే మేలు. "కనుగొనబడింది" వద్దు, కనుగొన్నవాళ్లు అందులో మాయమవుతారు. "మూడు రెట్లు తగ్గింది" అనకు, మూడో వంతు అయిందా, మూడో వంతు పోయిందా ఎవరికీ తెలియదు. "రెండు రెట్లు పెరిగింది" అన్నా ఒకరు రెట్టింపనుకుంటారు, ఇంకొకరు మూడింతలనుకుంటారు. "ఇంత నుంచి ఇంతకు" అని రాస్తే గొడవే లేదు. 8 నుంచి 6.5కు తగ్గితే అది ఒకటిన్నర శాతం కాదు, ఒకటిన్నర శాతం పాయింట్లు. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. తొందరలో ఒక సున్నా జారితే ఎవరూ పట్టుకోరు. పొలం మందుల్లో పురుగుమందు, తెగులుమందు, కలుపుమందు మూడూ వేరు, పేపర్లో ఏది ఉందో చూడకుండా అన్నిటినీ పురుగుమందు అనేస్తే రైతు అక్కడే నీ వ్యాసం మూసేస్తాడు.

పేపరు చదివే వరుస మార్చుకో. నువ్వు పత్రికా ప్రకటన, సారాంశం చదివి రాశావని తెలుస్తూనే ఉంది. బ్రిటన్‌లోని 20 విశ్వవిద్యాలయాలు 2011లో ఇచ్చిన 462 ఆరోగ్య ప్రకటనల్ని పరిశీలించి 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించారు: 40 శాతం ప్రకటనల్లో పేపర్లో లేనంత గట్టి సలహా ఉంది, 33 శాతంలో సంబంధాన్ని కారణంగా పెంచి చెప్పారు, 36 శాతంలో జంతువుల మీద చేసినదాన్ని మనుషులకు అంటగట్టారు. అతిశయోక్తి చాలావరకు విలేకరి బల్ల మీద కాదు, అంతకంటే ముందే పుడుతోంది. అందుకే ముందు పద్ధతుల విభాగం తెరువు. ఎవరి మీద, ఎందరి మీద, ఎంతకాలం, దేంతో పోల్చి, ఏ పరికరంతో కొలిచారు అన్నవి ఒక కాగితం మీద రాసుకో. తర్వాత మొదటి పట్టిక, అక్కడ రెండు గుంపులూ వయసులో, జబ్బుల్లో సమానంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. వైద్య ట్రయల్ అయితే రిజిస్ట్రీ (ట్రయళ్లను నమోదు చేసే బహిరంగ పట్టీ) నంబరు పట్టుకుని ముందుగా ప్రకటించిన ప్రధాన ఫలితం ఏమిటో చూడు. ప్రకటించింది ఒకటి, గొప్పగా చెబుతున్నది ఇంకొకటి అయితే మొదటిది తేలిపోయిందేమోనని అనుమానించు. ఆ తర్వాతే ఫలితాలు, పరిమితులు, నిధుల వివరం. సారాంశం ఆఖర్న.

పరిశోధకుడితో మాట్లాడే అవకాశం దొరికితే "దీని ప్రాముఖ్యం ఏమిటి" అని అడగకు, ప్రకటనలో ఉన్న వాక్యమే మళ్లీ వస్తుంది. "మీ ఫలితం తప్పని తేలితే, ఏ కారణంతో తప్పయ్యే అవకాశం ఎక్కువ?" అని అడుగు. మంచి శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు, జవాబు వెంటనే చెబుతాడు. ఆ బృందంతో సంబంధం లేని మరొకరికి పేపరు పంపి, "ఇందులో మీరు నమ్మనిది ఏది?" అని అడుగు. ఈ రెండు జవాబులూ లేని వ్యాసాన్ని సంపాదకుడికి పంపకు.

ముందు 76 వాక్యాన్ని తిరగరాయి, అన్నిటికన్నా కష్టమైనది అదే. తర్వాత గబ్బిలాలు. కొత్త ప్రతిలో ప్రతి అంకె పక్కన మార్జిన్‌లో రెండు సంగతులు పెన్సిల్‌తో రాసి పంపు: పేపర్లో ఏ పేజీలోంచి తెచ్చావో, ఆ అంకెకు నూరు ఏదో. నేను చదవడం ఆ మార్జిన్ నుంచే మొదలుపెడతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి